చారులో పడ్డ కుజుడు

ఆ రోజుల్లో నా మోకాళ్ళు నా మాట వినేవి. పప్పులో రాయి అద్దాలు లేకుండానే కనిపించేది. వయసులో ఉన్నాను మరి, అరవై దాటిన కొత్త. నవ్వకండి, డెబ్బై దాటాక వెనక్కి తిరిగి చూస్తే అరవై పడుచుతనంలాగే కనిపిస్తుంది. అన్నిటికీ మించి అప్పుడే నాకు మొదటిసారి ఉద్యోగం వచ్చింది. లోకానికంతా పాతికేళ్ళకి వచ్చే ఉద్యోగం నాకు అప్పుడు వచ్చింది (అంతకుముందు నలభై ఏళ్ళు చేసిందీ అదే పని, కాకపోతే సొంతింట్లో చేస్తే దాన్ని ఉద్యోగం అనరు). మా మేనల్లుడు గోపన్‌పల్లిలో మగపిల్లల హాస్టల్ పెట్టి, వంటవాళ్ళు నూనె డబ్బాలు డబ్బాలు తాగేస్తున్నారో పోసేస్తున్నారో తెలియక, "అత్తా, నువ్వొచ్చి వంటిల్లు చూసుకో. నీ కన్ను పడితే ఉప్పు కూడా అణిగిమణిగి ఉంటుంది" అన్నాడు. అది పొగడ్తో తిట్టో తేల్చుకోకుండానే సంచి సర్దుకుని వచ్చేశాను.

హాస్టల్ నిండా సాఫ్టువేరు పిల్లలు. మెడలో తాడు, తాడుకి బిళ్ళ, వీపున సంచి. పొద్దున్నే బిళ్ళ ఊపుకుంటూ వెళ్ళి, సాయంత్రం ట్రాఫిక్కులో వడిలిపోయి వచ్చేవాళ్ళు. వాళ్ళందరికీ నేను అమ్మమ్మని. నా కట్టడి కొంచెం గట్టిదే. పళ్ళెంలో మెతుకు వదిలితే మర్నాడు వాడికి మొదటి వాయి ఇడ్లీ ఉండదు. కరివేపాకు ఏరి పక్కన పెట్టినవాణ్ణి పక్కన కూచుని తినిపించేదాన్ని. ఫ్యాను కింద ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతుంటే ఆ గది వాళ్ళ పేర్లు భోజనాల దగ్గర గట్టిగా చదివేదాన్ని. నా వెనక ఏమనేవాళ్ళో నాకు తెలుసు, చెప్పను.

ఈ గుంపులో ఒక పిల్లవాడు నాకు ప్రత్యేకం. తెలివైనవాడు, ఆఫీసులో నలుగురి మీద పెద్ద, పళ్ళెం అద్దంలా ఖాళీ చేసేవాడు. మిగతావాళ్ళు వాణ్ణి పెనం అనేవాళ్ళు. ఎందుకంటే ఒకరోజు నేను దోసెలు పోస్తుంటే పక్కన నిలబడి, "అమ్మమ్మగారూ, భూమి గుండ్రంగా ఉందని ఇన్నాళ్ళూ మనల్ని మోసం చేశారండి. భూమి అచ్చం మీ పెనంలాగే ఉంటుంది, బల్లపరుపుగా" అన్నాడు. భూగోళం పాఠం ఐదో తరగతిలో ఉండేదట. నన్ను నాలుగులోనే బడి మాన్పించారు కాబట్టి భూమి ఏ ఆకారంలో ఉందో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాబట్టి తొణక్కుండా, "అయితే అంచుల దగ్గర నూనె వెయ్యాలి నాయనా, లేకపోతే అక్కడే మాడుతుంది" అన్నాను.

"అంచు దగ్గర మంచు గోడ ఉంటుందండి" అన్నాడు వాడు భక్తిగా.

"మన ఫ్రిజ్జులోనూ ఉంది. వారానికోసారి నేనే గరిటెతో గీకుతున్నా. నీ గోడ ఎవరు గీకుతారు?"

వాడికి కోపం రాలేదు. ఫోను తీసి వీడియో చూపించాడు. అందులో గడ్డం ఉన్న మనిషి ఒకడు వేలు చూపించి అరుస్తున్నాడు. పెనం అన్నం తింటున్నంతసేపూ ఫోనుని ఆవకాయ జాడీకి ఆనించి అవే చూసేవాడు. సూర్యుడూ చంద్రుడూ పెనం మీద దీపాల్లా గుండ్రంగా తిరుగుతాయట. గ్రహాలనేవి అసలు మనుషులు వెళ్ళదగ్గ చోట్లే కావట, పైన బోర్లించిన మూతకి తగిలించిన చిన్న బల్బులట. వాడికి ఎదురు వాదించేది తెలంగాణ పిల్లవాడొకడు. ప్రతి మాటకీ ముందు 'జర' అంటాడు కాబట్టి వాడి పేరు జర అయిపోయింది. "జర ఆగన్నా, భూమి పెనమైతే జర అంచుకు పొయ్యి కాళ్ళు యాలాడేసి కూసుంటే ఏమైతది?" అని మొదలుపెట్టేవాడు. ఇద్దరూ గంట వాదించుకునేవాళ్ళు, మిగతావాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఆ ధ్యాసలో రెండోసారి కూర వేయించుకోవడం మరిచిపోయేవాళ్ళు. ఇది నేను కనిపెట్టాను. అప్పటినుంచీ వంకాయ ఖరీదైన రోజుల్లో నేనే గరిటె పట్టుకుని వచ్చి, "అవునూ, ఆ మంచు గోడ సంగతి ఎంతవరకు వచ్చింది?" అని అగ్గి రాజేసి వెళ్ళేదాన్ని. నా మటుకు భూమి బల్లపరుపుగా ఉండటమే పొదుపు.

ఇలా హాయిగా సాగుతుండగా కర్నూలు పిల్ల వచ్చింది.

పెనం ఆఫీసులోనే పని. సన్నగా, చురుగ్గా, మాట్లాడితే మిరపకాయ విరిచినట్టుండేది. వానలో ఆ పిల్ల స్కూటీ నీళ్ళలో ఆగిపోతే మనవాడు చందానగర్ దాకా తోసుకుంటూ వెళ్ళాడట. అక్కడ మొదలైంది. ఆ పిల్ల మొదటిసారి హాస్టల్‌కి వచ్చినప్పుడు నన్ను "అవ్వా" అని పిలిచి, అడక్కుండానే నా పక్కన కూచుని వెల్లుల్లి ఒలిచింది. పొట్టుతో పాటు కండ పోకుండా ఒలిచింది. ఆ ఒక్క వెల్లుల్లి చూసే నేను మనసులో అక్షింతలు వేసేశాను.

అబ్బాయి తల్లిదండ్రులు, "వాడి ఇష్టమే మా ఇష్టం" అని ఫోనులో చెప్పేశారు. చిక్కు అటువైపుది. పిల్లకి కుజదోషం. ఎక్కడ జాతకం చూపించినా కుజుడు కుర్చీ వేసుకుని కూచున్నాడని తేలి, వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి పోయేది. ఆమె నాన్న కర్నూల్లో బడిపంతులుగా చేసి రిటైరైనాయన, మాస్టారు అందాం. బంగారంలాంటి మనిషి, కానీ కుజుడి పేరెత్తితే చాలు చెమట తుడుచుకుంటాడు. అలాంటి మాస్టారు కూకట్‌పల్లిలో చుట్టాల ఇంట్లో దిగి, భయం భయంగా హాస్టల్‌కి వచ్చి, దోషం సంగతి చెప్పేసి తల వంచుకు కూచుంటే మన పెనం ఏమన్నాడో తెలుసా? "కుజుడు ఒక బల్బండీ. బల్బుకి దోషమేంటి?" అన్నాడు.

మాస్టారు తలెత్తాడు. ముఖం మతాబాలా వెలిగింది. "బల్బా నాయనా?" "బల్బేనండి. పైన మూతకి తగిలించి ఉంటుంది." "మరి భూమి?" "పెనమండి." "పెనమే! నేను ముప్పై ఏండ్లు పిల్లోళ్ళకి గుండ్రమని చెప్పినాను, పోనీలే, తప్పు చెప్పినాను!" అంటూ మాస్టారు లేచి మనవాణ్ణి కౌగిలించుకున్నంత పని చేశాడు. కూతురి పెళ్ళి అవుతుందంటే భూమిని పెనం చేయడానికే కాదు, గారె చేసి మధ్యలో చిల్లు పెట్టడానికైనా ఆయన సిద్ధం.

ఇక తాంబూలాలే తరువాయి అని నేను తమలపాకుల బేరానికి సంచి తీసుకుందామని వంటింట్లోకి వెళ్తే ఆ పిల్ల నా వెనకే వచ్చి, "అవ్వా, నేను ఈ పెండ్లి చేసుకోను" అంది.

సంచి మళ్ళీ మేకుకి తగిలించాను. "ఏమే, పిల్లాడు నచ్చలేదా?"

"వాడిలో నచ్చనిది ఒక్కటే అవ్వా. భూమి."

"పోనీవే. మగాళ్ళకి ఏదో ఒక పిచ్చి ఉంటుంది. మా ఆయనకి పేకాట. ఇతనికి పెనం. పెనం నయం కాదూ?"

"అది కాదవ్వా. కుజుడు బల్బు అని నన్ను చేసుకుంటాండాడు. ఎవరో గడ్డపాయన వీడియోలో చెప్తే నా దోషం పోయింది. రేపు ఇంకో గడ్డపాయన వచ్చి, బల్బు కాదు నిజంగానే కుజుడు అంటే? నా దోషం మళ్ళా వస్తాది కదా? అప్పుడు నేను యాడికి పోవల్ల?"

నా కొంగు చివర అందించాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని బయటికి వెళ్ళి, నాన్న ముందే పెనంతో తేల్చి చెప్పింది. "వచ్చే ఆదివారం మా అందరి ముందర నీ పెనం మీద గ్రహాలు తిప్పి చూపించు. ఆకాశంలో ఎట్ల తిరుగుతాయో అట్లే తిరిగితే నేను నోరు మూసుకుని తాళి కట్టించుకుంటా. తిరగకుంటే ఒప్పుకో. ఒప్పుకోకుంటే ఈ సంబంధం ఇంతే." మనవాడు నవ్వి, "ఆదివారం మధ్యాహ్నానికి డెలివరీ" అన్నాడు. ఆఫీసు భాష. మాస్టారు ముఖం మళ్ళీ ఆరిపోయింది.

ఆ వారమంతా హాస్టల్లో పని ఒక ప్రాజెక్టులా జరిగింది. పొద్దున్నే ఉప్మా పళ్ళేలు పట్టుకుని గుండ్రంగా నిలబడి ఎవరి పని వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఒకడికి సూర్యుడి బాధ్యత, ఒకడికి చంద్రుడు. ఆదివారం టిఫిన్లు అయ్యాక బల్లలన్నీ గోడకి జరిపి, నా దగ్గరికి వచ్చి గ్రహాలు ఇమ్మన్నారు. నా కూరగాయల బుట్టలోంచే తీసుకున్నారు. చిన్న గుమ్మడికాయ సూర్యుడు, మిగిలిన ఇడ్లీ చంద్రుడు, నిమ్మకాయ శుక్రుడు, టమాటా కుజుడు. "ఏ గ్రహానికీ గోటి గాటు పడకూడదు, మధ్యాహ్నం అన్నీ వంటకి కావాలి" అని చెప్పే ఇచ్చాను. ఇక భూమి. పెద్ద పెనం తెచ్చి హాలు మధ్యలో పెట్టబోతే నేల మీద గీతలు పడతాయన్నాను. అందుకని నన్ను పీట మీద కూచోబెట్టి పెనం నా ఒళ్ళో పెట్టారు.

"అమ్మమ్మగారూ, మీరే భూమి. భూమి కదలకూడదు."

"పొయ్యి మీద పప్పు ఉందిరా."

"ఎంతసేపండీ, పది నిమిషాలు."

సాఫ్టువేరు వాళ్ళ పది నిమిషాలంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు, ఉద్యోగంలో కొత్త కదా. సరే అని భూమినై కూచున్నాను. పొడుగు పిల్లాడొకడు గుమ్మడికాయ తల మీద పెట్టుకుని నా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వాడి వెనక ఇడ్లీ. చూడటానికి బాగానే ఉంది. మాస్టారు చప్పట్లు కొట్టి, "ఆహా, అచ్చం ఆకాశమే!" అన్నాడు.

కర్నూలు పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. "సూర్యుడు ఎప్పుడూ పెనం పైనే తిరుగుతాంటే అస్తమించేది ఎట్ల?"

"అస్తమించడు. దూరం వెళ్ళి, చిన్నగా అయిపోయి, కనపడకుండా పోతాడు" అన్నాడు పెనం.

"నిన్న సాయంత్రం టీ తాగుతా చూసినాం కదా, ఆ అద్దాల టవర్ల మధ్య దిగేటప్పుడు సూర్యుడు తాంబాళమంత ఉండె. చిన్నగా ఎప్పుడయినాడు? సగం మునిగినాడు, సగం మిగిలినాడు. దూరం పోయేవాడు అడుగు నుంచి మునుగుతాడా?"

పెనం గడ్డం గీరుకున్నాడు. "చిన్న బగ్గు. ప్యాచ్ వేద్దాం" అన్నాడు. ప్యాచ్ అంటే వాళ్ళ భాషలో అతుకు. ఆ అతుకు ఏమిటంటే, ఇంకో పిల్లవాడు నా పెద్ద పళ్ళెం పట్టుకుని సూర్యుడి వెంటే నడుస్తూ, దూరం వెళ్ళినప్పుడు కింది నుంచి పైకి మెల్లిగా అడ్డం పెట్టాలి. "ఆ పళ్ళెం ఆకాశంలో ఏది?" అంది పిల్ల. "ఉంటుంది, మనకి చెప్పరు" అన్నాడు వీడు.

"శుక్రుడు సూర్యుణ్ణి వదిలి దూరం పోడు. సాయంత్రమైతే పడమట, లేకుంటే తెల్లవారుజామున తూర్పున. నడిరేయి నెత్తి మీద ఎప్పుడన్నా చూసినావా? విడివిడి బల్బులైతే ఒకదాని కొంగు ఇంకొకటి ఎందుకు పట్టుకుంటాది?"

ఇంకో ప్యాచ్. నిమ్మకాయ పట్టుకున్న పిల్లవాడి నడుముకి తువ్వాలు కట్టి, రెండో కొస సూర్యుడి బెల్టుకి కట్టారు. వీడు సూర్యుడికి కాసేపు ముందు, కాసేపు వెనక పరిగెత్తాలి. మాస్టారు ఉండబట్టలేక, "మధ్యలో శుక్రుడు కనపడకుండా పోతాడే, మూఢమి, అది మరి?" అని నోరు జారి, కూతురు మెచ్చుకోలుగా చూసేసరికి నాలుక కరుచుకున్నాడు. మూఢమి అంటే నాకూ తెలుసు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళుండవు, పిల్లలెవరూ పెళ్ళి భోజనాలకి పోరు, హాస్టల్లో బియ్యం ఎక్కువ పొయ్యాలి. గ్రహాలకీ నాకూ ఉన్న సంబంధమల్లా అదొక్కటే. మూఢమి కోసం ఇంకో పళ్ళెం, ఇంకో పిల్లవాడు వచ్చి చేరారు.

నా చుట్టూ జాతర అయిపోయింది. చెమట వాసన, తువ్వాలు, పళ్ళేలు. ఇడ్లీ పట్టుకున్నవాడు ఆకలికి చంద్రుడి అంచు కొరికేసి, అడిగితే గ్రహణం అన్నాడు. నాకు లోపల మండుతోంది. నేను చిరిగిన దిండుగలీబు అతుకేసి వాడేదాన్నే, అతుకుని చిన్నచూపు చూడను. కానీ అతుకు మీద అతుకు వేసుకుంటూ పోతే చివరికి గలీబు మిగలదు, అతుకులే మిగులుతాయి. ఆ మాటే పైకి అన్నాను. ఎవరూ వినలేదు. (భూమి మాట ఎవరు వింటారు?)

"ఇంగ సాల్లేమ్మా, అన్నిటికీ జవాబు చెప్పినాడు కదా" అని మాస్టారు కూతుర్ని బతిమాలాడు.

"కుజుడు మిగిలినాడు నాయనా" అంది పిల్ల. ఆ పేరు వినగానే మాస్టారు కుర్చీలో కుంచించుకుపోయాడు. "కుజుడు నక్షత్రాల మధ్య ముందుకు పోతా పోతా ఆగుతాడు. కొన్నాళ్ళు వెనక్కి నడుస్తాడు. మళ్ళా ముందుకు. వక్రమంటారే, అది. ఆ వెనక్కి పోయే దినాల్లోనే బాగా పెద్దగా, ఎర్రగా కనపడతాడు. అది చూపించు."

టమాటా జర చేతిలో ఉంది. పెనం వాడికి చెప్పాడు, "నాలుగడుగులు ముందుకెయ్యి, ఆగు, రెండడుగులు వెనక్కెయ్యి, వెనక్కేసేటప్పుడు అమ్మమ్మగారి దగ్గరికి ఒంగు."

"ఎందుకన్నా ఎనకకు?"

"అలాగే ఉంటుంది కాబట్టి."

"నాకెట్ల యాదికుంటదన్నా? ఎవలన్న చెప్పాలె గదా."

"నేను చెప్తా."

"ఆడ ఆకాశంల ఎవలు చెప్తరు? నువ్వుండవు గదా?"

పెనం ముఖం ఎర్రబడింది. ఆ పిల్లలందరి ముందూ పెద్ద తను. "ఇంకొకడు వీడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాలి!" అని అరిచాడు. ఒకడు వచ్చి లాగాడు. జర వెనక్కి వచ్చి శుక్రుడి తువ్వాలు తొక్కాడు, శుక్రుడు సూర్యుడి మీద పడ్డాడు, గుమ్మడికాయ జారితే మాస్టారు పరిగెత్తుకొచ్చి రెండు చేతులా పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు వాసన తగిలింది.

మాడు వాసన. నా పప్పు!

"భూమి కదలకూడదు అమ్మమ్మగారూ!" అని పెనం వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. భూమి ఒళ్ళో పెనాన్ని పక్కన పడేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

అడుగంటిన పప్పు పైది పైది మెల్లిగా వేరే గిన్నెలోకి తీసి, వెల్లుల్లి దండిగా వేసి తిరగమోత పెట్టి (మాడు వాసనకి వెల్లుల్లే విరుగుడు, ఎవరికీ చెప్పకండి), గరిటె చేత్తో పట్టుకుని తిరిగొచ్చేసరికి హాల్లో జాతర చెదిరిపోయింది. పళ్ళేల వాళ్ళు, తువ్వాళ్ళ వాళ్ళు గోడ పక్కన చేరారు. నా పీట మీద గుమ్మడికాయ కూచుంది. నేను లేచిన చోటు ఖాళీగా ఉండేసరికి ఆ పిల్ల సూర్యుణ్ణి అక్కడ పెట్టేసిందట. హాలు అంచున జర టమాటా ఎత్తిపట్టుకుని మెల్లిగా గుండ్రంగా నడుస్తున్నాడు. లోపలి వరసలో, గుమ్మడికాయకి దగ్గరగా, పెనం చేతులు కట్టుకుని మొండిగా నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు నువ్వే భూమి. నడువు" అంటోంది పిల్ల.

"భూమి నడవదు."

"అవ్వ ఇప్పుడే పరిగెత్తింది కదా. నువ్వు నడువు చాలు. ఒక్కసారి. నా కోసం."

వాడు ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. ఏం కనపడిందో, నడిచాడు. "వేగంగా నడువు. సూర్యుడి చుట్టూ తిరుగు. కండ్లు మాత్రం టమాటా మీదనే పెట్టు. దాని వెనక గోడ మీద ఏముందో చెప్తా ఉండు."

"క్యాలెండరు" అన్నాడు. నాలుగడుగులు వేశాడు. "స్విచ్చుబోర్డు. ఇప్పుడు గడియారం వైపు వెళ్తోంది." లోపలి వరస చిన్నది, వీడు జరని అందుకుంటున్నాడు. పక్కకి వచ్చాడు. దాటుతున్నాడు. "గడియారం..." అని ఆగి, "స్విచ్చుబోర్డు... ఏయ్ జరా, ఎందుకు వెనక్కి నడుస్తున్నావు?"

"నేనెక్కడ నడిచినన్నా? నా నడక నేను సక్కగ నడుస్తున్న."

"ఆగావా?"

"ఒట్టన్నా, ఆగలే."

"నీకెవరైనా చెప్పారా?"

"ఎవ్వలు చెప్పలే."

పెనం నడక ఆపలేదు. మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చాడు, మళ్ళీ జరని దాటాడు. దాటేటప్పుడు టమాటా వాడి ముఖానికి చేరువగా, ఎర్రగా, ఇంత పెద్దగా ఉంది. గోడ మీద మళ్ళీ వెనక్కి జరిగింది. దాటిపోయాక మళ్ళీ ముందుకు సాగింది. "ఫ్లైఓవర్ మీద మన బస్సు పక్క బస్సుని దాటేటప్పుడు, అది వెనక్కి పోతున్నట్టు ఉంటుందే..." అని తనలో తనే గొణుక్కున్నాడు. తువ్వాలు లేదు, పళ్ళెం లేదు, చొక్కా లాగేవాడు లేడు. ఇద్దరు పిల్లలు, ఒక గుమ్మడికాయ. ఇంత చవకలో పని అయిపోతుందని తెలిస్తే నేను వాళ్ళకి పళ్ళేలు ఇచ్చి ఉండేదాన్నే కాదు.

వాడు వచ్చి గుమ్మడికాయ పక్కన నేల మీద కూచున్నాడు. "నాదే తప్పు. పెనం కాదు" అన్నాడు. తన కింద పనిచేసే పిల్లలు నలుగురూ అక్కడే ఉన్నారు. ఒక్కడూ నవ్వలేదు. నేను గరిటెతో నిలబడి ఉన్నాననేమో.

ఆ పిల్ల ముఖం వెలగాలి కదా? వెలగలేదు. నాన్న వైపు చూస్తోంది. మాస్టారు ఒళ్ళో ఎప్పుడో చేరిన వంకాయని (అది ఏ గ్రహమో ఇప్పుడు గుర్తు లేదు) నలుపుతూ, "అంటే... కుజుడు ఉన్నట్టేనా నాయనా?" అని అడిగాడు.

"ఉన్నాడండి."

"బల్బు కాదా?"

"కాదండి. మన భూమిలాగే ఒక మట్టి ఉండ."

"అయితే దోషం..." అని ఆయన చెమట తుడుచుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు, ఆ పిల్ల ఎంత పెద్ద పందెం కాసిందో. వీణ్ణి గెలిచి తను ఓడిపోయే పందెం.

పెనం లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, జర వెనక్కి నడిచాడని నేను ఒట్టేసి చెప్పేవాణ్ణి. నడవలేదు. నేను దాటుతుంటే నాకలా కనిపించింది, అంతే. నేనూ మీ అమ్మాయీ ఉన్నామని కూడా ఆ మట్టి ఉండకి తెలియదు. మీ భయం మీది, తీసేయమని నేననను. కానీ కుజుడు బల్బయినా, కాకపోయినా, రేపు ఎవడేం వీడియో పెట్టినా నేను ఈ అమ్మాయినే చేసుకుంటానండి." ఆ పిల్ల వైపు తిరిగి, "ఈసారి ప్యాచ్ కాదు" అన్నాడు.

కర్నూలు పిల్ల గబుక్కున గోడ వైపు తిరిగి గడియారం సరిచేయడం మొదలుపెట్టింది. గడియారం సరిగ్గానే ఉంది.

మాస్టారు ఎటూ తేల్చుకోలేక నా వైపు చూశాడు. "పెద్దామెవు, నువ్వు చెప్పమ్మా. ఆయన ఊరుకుంటాడా?" ఆయన అంటే కుజుడు. నాకు శాస్త్రమూ తెలియదు, జాతకమూ తెలియదు. జర వైపు చూశాను. ఉద్వేగంలో వాడు టమాటాని పిడికిలితో నలిపేశాడు. రసం మోచేతి దాకా కారుతోంది. నా ప్రాణం ఉసూరుమంది. ఒక్క గాటు పడకూడదని చెప్పానా లేదా!

"కుజుడు నలిగాడు మాస్టారూ" అన్నాను. "నేల మీద కారిస్తే దోషం, చారులో వేస్తే రుచి. ఏం చెయ్యమంటారు?"

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు, టమాటాని చూశాడు, గోడ వైపు తిరిగి ఉన్న కూతురి వీపు చూశాడు. ఏళ్ళ తరబడి మోస్తున్న మూట దింపినట్టు పెద్దగా ఊపిరి వదిలి, "చారులోనే వెయ్యమ్మా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం గ్రహాలన్నీ సద్వినియోగం అయ్యాయి. శుక్రుడు పులిహోరలోకి, సూర్యుడు దప్పళంలోకి. మాడిన పప్పు ఎవరూ పసిగట్టలేదు. మాస్టారు చారుతో అన్నం కలుపుకుని, కళ్ళు మూసుకుని ఒక ముద్ద మింగి, కాసేపు ఏమవుతుందో అని ఆగి, ఏమీ కాకపోయేసరికి పళ్ళెం ముందుకు జరిపి, "ఇంకొంచెం కుజుణ్ణి పొయ్యమ్మా" అన్నాడు. నేను రెండోసారి అడగనిచ్చేదాన్ని కాదు ఎవరినీ. ఆ రోజు మూడుసార్లు పోశాను.

తరవాత కొన్నేళ్ళకి మోకాళ్ళు ఎదురు తిరిగి ఉద్యోగం మానేశాను. ఇప్పుడు చందానగర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఆ జంట పండగలకి వస్తారు. వాళ్ళ పాప టమాటాని నేల మీద దొర్లించి ఆడుతుంటే, "కుజుణ్ణి నలపకే" అంటాను, దానికి అర్థం కాదు. సాయంత్రం డాబా మీద కుర్చీ వేస్తారు. టవర్ల పైన మొదటి చుక్క వెలుగుతుంది. శుక్రుడో, కట్టే భవనం మీద క్రేను దీపమో నా కళ్ళకి తెలియదు. కాసేపు ఆగి చూస్తాను. మెల్లిగా కిందికి దిగితే శుక్రుడు, దిగకపోతే క్రేను.

"నువ్వు కదలకమ్మా, ఏం కావాలన్నా మేం తెస్తాం" అంటుంది మా అమ్మాయి. నేను మధ్యలో కూచుంటే అమ్మాయీ, అల్లుడూ, మనవలూ నా చుట్టూ తిరుగుతుంటారు, ఒకరు మందులు, ఒకరు మంచినీళ్ళు. ఆ పిల్లవాడు చెప్పిన భూమిని అచ్చంగా ఇప్పుడయ్యాను అనుకుని నాలో నేనే నవ్వుకుంటాను. అయినా కింద వంటింట్లోంచి రవ్వంత మాడు వాసన వచ్చిందా, నా మోకాళ్ళ సంగతి నాకు గుర్తుండదు. మెట్ల దగ్గరికి వచ్చేశాక గానీ తెలియదు, భూమి మళ్ళీ కదిలిందని.